వేళ్ళకు నచ్చిన కీబోర్డు

ఆ నెలలో నేనూ దివ్యశ్రీ కలిసి అమీర్‌పేటలో తొక్కని లాప్‌టాప్ షాపు గడప లేదు. మా ఆఫీసు పంజాగుట్టలో. నాలుగింటికి డ్యూటీ అయిపోయేది. మెట్రో ఎక్కితే అమీర్‌పేట ఒక్క స్టేషనే. కానీ ప్లాట్‌ఫాం మీద రైలు కోసం నిలబడే ఓపిక కూడా ఆమెకు ఉండేది కాదు. "నడుద్దాం పా అక్కా, పొద్దు ఉండంగనే పోవాలె" అంటూ నాకంటే నాలుగడుగులు ముందు పోయేది. పోతూ పోతూ చేతిసంచీ పట్టీ మీద వేళ్ళతో టకటక కొడుతూనే ఉండేది.

మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, మొదటి అంతస్తుల్లో బోలెడు షాపులు. కొత్తవి అమ్మేవాళ్ళు, పాతవి బాగుచేసి అమ్మేవాళ్ళు, రెండూ అమ్మేవాళ్ళు. ఏ షాపుకి వెళ్ళినా ఆమె ప్రాసెసర్ గురించి అడగదు, మెమరీ అడగదు. సంచీ నా చేతికిచ్చి, కీబోర్డు మీద పది వేళ్ళూ ఆనించి, కళ్ళు మూసుకుంటుంది. మా పనిలో రోజూ వచ్చే వాక్యం ఒకటి కొడుతుంది. రోగికి జ్వరం లేదు, దగ్గు లేదు, ఛాతీనొప్పి లేదు. ఇంగ్లిషులో. కళ్ళు తెరిచి తెర వైపు చూస్తుంది. "గిది కాదక్కా" అని సంచీ తీసుకుని మెట్లు దిగిపోతుంది. షాపువాళ్ళు నా మొహం చూసేవాళ్ళు. నేనూ ఆమె వెనకే దిగేదాన్ని.

నాకు సంగతి తెలుసు. వాళ్ళాయనకు తెలియదు. ఆ నెల పొడుగునా నన్నూ కుదురుగా కూర్చోనివ్వనిది అదే.

మేమిద్దరం పదకొండేళ్ళు పక్కపక్క సీట్లలో పనిచేశాం. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక మాటల్లో చెప్పి రికార్డు చేసింది విని, రిపోర్టుగా టైపు చేసే పని మాది. ఈమధ్య సాఫ్ట్‌వేరే విని ముందు ఒక చిత్తుప్రతి రాసేస్తోంది. దాన్ని మళ్ళీ వింటూ తప్పులు దిద్దడం మా వంతు. మేం దిద్దింది క్వాలిటీవాళ్ళు ఇంకోసారి సరిచూస్తారు. నేను తణుకు నుంచి పెళ్ళయి వచ్చి శ్రీనగర్ కాలనీలో స్థిరపడినదాన్ని. ఆమెది గజ్వేల్ దగ్గర పల్లె. నాన్న రాజనర్సయ్య వ్యవసాయం వదిలి పట్నం వచ్చి అపార్ట్‌మెంట్లకు వాచ్‌మన్‌గా చేశాడు. అమ్మ మంగవ్వ. ఇంట్లో ఇద్దరాడపిల్లల్లో దివ్యశ్రీ చిన్నది. డిగ్రీ అయ్యాక ఏదో కంప్యూటర్ కోర్సు చేద్దామని అమీర్‌పేట హాస్టల్లో చేరి, కోర్సు సగంలో ఉండగానే మా ఆఫీసులో పరీక్ష రాసి వచ్చేసింది. మొదటి రోజు ఆమె టైపింగు విని తల తిప్పి చూడనివాళ్ళు మా వరసలో లేరు. తెర మీంచి చూపు తీయదు. చేతులు ఎక్కడున్నాయో చూసుకోదు.

మనిషి మాత్రం ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని తగులుకునేది. కుర్చీ కాలు, చెత్తబుట్ట, తలుపు అంచు. క్యాంటీన్లో పక్కనున్న గ్లాసు దొర్లించేది. "చిన్నప్పటి సంది నేను గింతే అక్కా. సోయి లేని పిల్ల అని మా అమ్మ రోజూ తిట్టేది" అని నవ్వేది. చీకటి పడితే ఊళ్ళో ఆమెను బయటికి పంపేవారు కాదట. ఒకసారి బర్రెదూడ మీదే పడిందట. అదీ నవ్వుతూనే చెప్పేది. మంగవ్వ వాళ్ళ మేనమామకు రేచీకటి ఉండేదని కూడా ఒకసారి మాటల్లో అంది. ఆ రెండు మాటలనూ ఎవరూ కలిపి చూడలేదు, ఆమె సహా.

కిందటి వానాకాలంలో తలనొప్పికి కళ్ళద్దాలు మార్చుకుందామని కళ్ళాసుపత్రికి వెళ్ళింది. మామూలు పరీక్ష చేస్తున్న డాక్టరు ఆగి, ఇంకో పరీక్ష రాసింది. తర్వాత ఇంకోటి. పుట్టుకతో వచ్చే జబ్బట. కంటి వెనక పొర అంచుల నుంచి ఎండిపోతూ వస్తుందట. ముందు చీకట్లో చూపు పోతుంది, తర్వాత పక్కచూపు పోతుంది. నడిమధ్య చూపు చాలాకాలం ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. మందు లేదు.

మర్నాడు క్యాంటీన్లో నాకు చెప్పింది. ఏడవలేదు. చెంచాతో బల్ల అంచు మీద కొడుతూ చెప్పింది.

"అంటే నేను సోయి లేనిదాన్ని కాదక్కా. నాకు కనవడకపోయేది. గంతే. గింతకాలం నన్ను నేనే తిట్టుకున్న."

"దినేశ్‌కి చెప్పావా?"

"లే."

"ఏంటే అది, చెప్పకపోతే ఎలా?"

"డాక్టరమ్మ పిల్లకు సుత పరీక్ష చేపియ్యమన్నది. పిల్లకు రావాల్నని లేదంట, కానీ చూడాలంట. ఆయనకు చెప్తే రోజూ పిల్ల కండ్లల్లకు చూసుకుంట కూసుంటడు. నాకు తెలుసు. జర ఆగుత అక్కా. నేను కొంచెం నిమ్మలమైనంక చెప్త."

పాప సుమశ్రీకి ఏడేళ్ళు. దినేశ్ లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్. మధురానగర్‌లో రెండు గదుల పోర్షన్. మనిషి మంచివాడే, కానీ దేన్నీ దాచుకోలేడు. సంతోషమైనా భయమైనా మొహాన రాసి ఉంటుంది. ఆమె భయం అదే. కానీ తను అన్నట్టు నిమ్మళం కాలేదు. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. దీపావళి సాయంత్రం వెలుతురంతా ఒకచోట, చీకటంతా ఒకచోట ఉంటే మెట్ల మీద కాలు జారి మోచెయ్యి దోక్కుపోయింది. ఇంట్లో వాళ్ళు చీర కాళ్ళకు అడ్డం పడిందనుకున్నారు. ఆమె కూడా అదే అంది.

ఇంతలో మా కంపెనీ ఆఫీసు ఖాళీ చేస్తున్నట్టు చెప్పింది. అందరూ ఇంటి నుంచే పనిచేయాలి, ఎవరి లాప్‌టాప్ వాళ్ళు చూసుకోవాలి. ఆఫీసులో మాకు పెద్ద కంప్యూటర్లు, ఎత్తయిన కీలున్న పాతకాలం కీబోర్డులు ఉండేవి. అలవాటు పడటానికని ఒక వారం పాటు ఆఫీసు లాప్‌టాప్‌లే ఇంటికిచ్చి పంపారు. పల్చగా, తళతళలాడుతూ ఉన్నాయి. నాకు హాయిగానే ఉంది. నాలుగో రోజున దివ్యశ్రీ ఫోన్ చేసింది.

"అక్కా, క్వాలిటీవాళ్ళు పట్టిన్రు. ఛాతీనొప్పి లేదు అని డాక్టరు చెప్పిండు. 'లేదు' అన్న మాట నేను డిలీట్ చేసిన. నాకు తెల్వనే తెల్వదు. వాళ్ళు చూడకపోతే ఏమయితుండె?"

వారం అయ్యాక మళ్ళీ ఆఫీసుకు వచ్చినప్పుడు నాకు కూర్చోబెట్టి చూపించింది. మనం తెర చూస్తూ టైపు చేస్తున్నా, చూపు కింది అంచున మన చేతులు మసగ్గా కనిపిస్తూనే ఉంటాయి. చెయ్యి పక్కకు జరిగితే మనకు తెలియకుండానే కళ్ళు సర్దేస్తాయి. ఆమెకు ఆ కింది అంచు లేదు. తెర చూస్తే తెరే, చేతులు చూస్తే చేతులే. చేతుల వైపు చూసి మళ్ళీ తలెత్తితే ఎక్కడిదాకా వచ్చిందో వెతుక్కోవాలి. అందుకే ఇన్నాళ్ళూ వేళ్ళే చూసుకుంటూ వచ్చాయి, ఆమెకూ తెలియకుండా. ఎఫ్, జె అక్షరాల మీద చిన్న గీత పొడుచుకొచ్చి ఉంటుంది కదా, చూపుడువేళ్ళు దాన్ని పట్టుకుని ఉంటాయి. కీకి కీకి మధ్య సందు ఉండాలి. కీ కొంచెం గుంటగా ఉండాలి. నొక్కితే లోపలికి దిగినట్టు తెలియాలి. వరస మొదటికీ చివరికీ తీసుకెళ్ళే కీలు, బాణం గుర్తులు విడిగా, కాస్త ఎడంగా ఉండాలి. దిద్దుబాటు పనిలో వేళ్ళు ఎక్కువగా తిరిగేది వాటి మీదే. ఈ పల్చటి వాటిలో కీలన్నీ పలక మీద గీసిన గళ్ళలా ఒకే మట్టంగా ఉన్నాయి. బాణం గుర్తులు సగం సగం ఇరికించి ఉన్నాయి. డిలీట్ ఒక మూల ఉంది.

"ఇప్పుడంటే కనవడుతుంది అక్కా. రేపు తెర సుత కనవడకుంటే? తెర మీదున్నది సదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉందంట, ఆస్పత్రిల చెప్పిన్రు. మరి దిద్దాలంటే? వేళ్ళే గదా ఉన్నయి నాకు."

అందుకే ఆ తిరుగుడు. కొత్తవాటిలో కావలసినది దొరకలేదు. ఒకదానికి కీలు బాగుంటే బాణాలు ఇరుకు. ఒకదానికి అన్నీ ఉంటే జె మీద గీత చేతికి తగలదు. విడిగా కీబోర్డు కొని తగిలించుకోవచ్చు కదా అని నేనే అన్నాను. అదీ చేసి చూసింది. వాళ్ళింట్లో గోడకు కొట్టిన బల్ల జానెడున్నర వెడల్పు. ముందు కీబోర్డు పెడితే లాప్‌టాప్ గోడకు ఆనుకుని పూర్తిగా తెరుచుకోదు. పైగా కీబోర్డు అటూ ఇటూ జరుగుతుంది. "నాకు అన్నీ ఒక్కతాన, కదలకుంట ఉండాలె. రేపు మా అమ్మోళ్ళింటికి పోయినా చెయ్యి పెడితే ఏడిదాడ దొర్కాలె" అంది.

నరేశ్ అనే అతని షాపులో దొరికింది చివరకు. ఏదో పెద్ద కంపెనీ వాడి తీసేసిన పాత లాప్‌టాప్. నల్లగా, మందంగా, ఇటుకలా ఉంది. దివ్యశ్రీ కళ్ళు మూసుకుని వాక్యం కొట్టింది. ఆగింది. ఇంకోసారి కొట్టింది. తర్వాత ఒక రిపోర్టు మొత్తం గుర్తున్నది గుర్తున్నట్టు కొట్టేసింది. నరేశ్ పని ఆపి చూస్తున్నాడు. ఆమె కళ్ళు తెరిచింది. అన్ని రోజుల్లో ఆమె భుజాలు కిందికి దిగడం అప్పుడే చూశాను.

"గిదే అక్కా."

కానీ వెంటనే మళ్ళీ జె మీద వేలు రుద్దింది. "గీత అరిగిపోయింది" అంది. నిజమే. ఎఫ్ మీద ఉంది కానీ జె మీద నున్నగా ఉంది. ఎవరో ఏళ్ళతరబడి వాడారు.

"మేడమ్, ఫికర్ చెయ్యకున్రి. కొత్త కీబోర్డు ఏసిస్త. దొర్కుతది" అన్నాడు నరేశ్. లోపలి నుంచి అలాంటిదే విడి కీబోర్డు ఒకటి తెచ్చి బిగించి చూపించాడు. ఆమె రెండు మాటలు కొట్టి చెయ్యి తీసేసింది. చూడటానికి అదే గానీ కీలు గుల్లగా దిగుతున్నాయి, ఒకటి నొక్కితే పక్కది కదులుతోంది. "పాతదే ఉంచు అన్నా. ఎవ్వరికి అమ్మకు" అని చెప్పి దిగింది. మెట్రో దాకా ఉత్సాహంగా నడిచి, స్టేషన్ మెట్ల దగ్గర చటుక్కున ఆగిపోయింది.

"ఆయనకు ఏమని చెప్పాలె?"

అసలు చిక్కు అక్కడుంది. భార్యకు కొత్త లాప్‌టాప్ కొనివ్వాలని దినేశ్ పట్టుదల. పంజాగుట్ట షోరూంలో ఒకటి చూసి, మాట్లాడి, ఆదివారం వచ్చి తీసుకెళ్తామని చెప్పి వచ్చాడు. దానికీ కారణం ఉంది. చిన్నప్పుడు దివ్యశ్రీ అక్క విడిచిన గౌన్లు తొడిగింది, అక్క చదివిన పుస్తకాలు చదివింది, అక్క సైకిలే తొక్కింది. పెళ్ళయిన కొత్తలో ఆ కబుర్లు నవ్వుతూ చెప్తే దినేశ్ మనసులో పెట్టుకున్నాడు. "నా ఇంట్ల నీకు పాతది ముట్టనియ్య" అన్నాడట. ఆ మాట మీదే ఉన్నాడు.

ఆదివారం పొద్దున నన్నూ రమ్మంది. "నువ్వుంటే జర ధైర్యం" అంది. పాపను మంగవ్వ దగ్గర వదిలి వచ్చారు. దినేశ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. షోరూంలో వరసగా టీవీలు మోగుతున్నాయి. సేల్స్‌మన్ డబ్బా విప్పి లాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు. వెండిరంగులో ఉంది, ఒంటిచేత్తో ఎత్తేంత తేలిక.

"ఎట్లుంది?" అన్నాడు దినేశ్.

దివ్యశ్రీ కీబోర్డు మీద చేతులు పెట్టింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. రెండు మాటలు కొట్టి, "మంచిగుంది" అంది. దినేశ్ మొహం వెలిగిపోయింది. బిల్లు కౌంటరు వైపు నడిచాడు. ఆమె అక్కడే నిలబడి బల్ల అంచు మీద వేళ్ళతో కొడుతోంది. నా వైపు చూసింది. ఆమె తరఫున నేనే చెప్పాలనీ ఉంది, చెప్పకూడదనీ ఉంది.

"వద్దు" అంది గట్టిగా.

దినేశ్ వెనక్కి తిరిగాడు. "ఏమైంది?"

"గిది వద్దు. అమీర్‌పేటల ఒక పాతది చూసిన. గదే గావాలె."

"పాతదా? మళ్ళ పాతదేనా నీకు? పైసల ముచ్చటైతే నువ్వు ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంట అన్న గదా."

"పైసల ముచ్చట కాదు. గిదాంట్ల కీబోర్డు మంచిగ లేదు."

"ఇప్పుడే మంచిగుంది అన్నవ్!" అతని గొంతు పెరిగింది. పక్కవాళ్ళు చూస్తున్నారు. "నెల సంది షాపుల పొంటి తిరుగుతున్నవ్. అడిగితే చెప్పవ్. ఇంట్ల ఒక్కతాన కూసుంటలేవ్. ఒక్క కీబోర్డు కోసం గింత లొల్లా? మీ అక్క ఇడిసినయే తొడిగితివి, నేనన్న ఒక్కటి కొత్తది కొనిద్దామంటే—"

"నాకు కండ్లు పోతున్నయి" అంది దివ్యశ్రీ.

సేల్స్‌మన్ డబ్బా మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. దినేశ్‌కు ముందు అర్థం కాలేదు. "అద్దాలు మార్పియ్యాల్నా? మార్పిద్దాం" అన్నాడు.

"అద్దాలతోని అయ్యేది కాదు." ఇక ఆగలేదు ఆమె. డాక్టరు చెప్పినదంతా, రేచీకటి దగ్గర్నుంచి ఛాతీనొప్పి రిపోర్టు దాకా, ఆ టీవీల మోతలోనే గబగబా చెప్పేసింది. పాప పరీక్ష సంగతి మాత్రం చెప్పలేకపోయింది. అక్కడికి వచ్చేసరికి మాట ఆగింది. "మనం బోనాలకు మా అమ్మోళ్ళింటికి పోయినప్పుడే వాన పడుతుండె గదా, గప్పటి సంది తెలుసు" అంది.

దినేశ్ నా వైపు చూశాడు. "మంజూషక్కకు ఎరుకేనా?"

నేను తలూపాను. అతను తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మేమిద్దరం కాసేపు అక్కడే ఉన్నాం. ఆమె చేతులు కదలడం మానేశాయి. కిందికి దిగితే పార్కింగులో బండి మీద హెల్మెట్ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తాళం తిప్పలేదు. హెల్మెట్ లోపల ఏడుస్తున్నాడని దగ్గరికి వెళ్తే గానీ తెలియలేదు.

"దీపావళికి మెట్ల మీద పడ్డవ్ గదా" అన్నాడు ఆమెతో. "నేను ఏమన్న? 'కండ్లు కనవడతలేవా' అన్న. గందరి ముంగట."

"నీకు తెల్వదు గదా."

"నీకు తెలుసు గదా! చెప్పాలె గదా!" అని అరిచాడు. ఆ అరుపుతో అతనికి కొంచెం ఊపిరి ఆడినట్టయింది. హెల్మెట్ తీసి మొహం తుడుచుకున్నాడు. ఆమె అప్పుడు పాప సంగతి చెప్పింది. అతను హెల్మెట్ మళ్ళీ పెట్టుకున్నాడు. బండి స్టార్ట్ చేసి, "ఎక్కు. ఆ పాతది ఏడుందో చూపెట్టు" అన్నాడు. నేను ఆటోలో వెనక వెళ్ళాను.

నరేశ్ షాపులో దినేశ్ ఆ లాప్‌టాప్‌ను పనివాడిలా చూశాడు. మూత తీసి మూసి బిగువు చూశాడు. కింద మరలు లెక్క చూసి ఒకటి లేదని పట్టుకున్నాడు. బ్యాటరీ బలహీనంగా ఉందని దాన్ని మార్పించాడు. మాట కరుగ్గానే ఉంది, కానీ దివ్యశ్రీ టైపు చేస్తుంటే ఆమె చేతులకేసే చూస్తున్నాడు. ఆమె ఇన్నేళ్ళుగా చేసే పని అతను ఎప్పుడూ దగ్గరుండి చూడలేదనుకుంటా.

జె మీద గీత సంగతి అప్పుడు చెప్పింది. "అది నేను చూస్త" అన్నాడు.

మర్నాడు పని నుంచి వస్తూ ఒక చిన్న కాగితం తెచ్చాడట. దాని మీద పారదర్శకంగా బొడిపెలు వరసగా అంటించి ఉన్నాయి. చూపులేనివాళ్ళు తడిమి తెలుసుకోవడానికి పాత లిఫ్టుల్లో మీటల పక్కన అంటించేవి. "ఎన్ని దవఖానాల్ల అంటిచ్చిన్నో నాకే యాదికి లేదు. గివి ఎవ్వలు ముట్టుకుంటరు అని ఒక్కసారి సుత సోంచాయించలే" అన్నాడట. ఒకటి జె మీద అంటించాడు. అది మరీ లావుగా ఉండి గంటసేపు టైపు చేసేసరికి వేలు నొప్పి పుట్టింది. తీసి, గోళ్ళు తీసుకునే బ్లేడుతో కొంచెం కొంచెంగా చెక్కి, ఆమె వేలితో చూపించి, మళ్ళీ చెక్కి, నాలుగోదానికి కుదిరిందట. ఆ సాయంత్రం అన్నం ఆలస్యంగా తిన్నారని చెప్పింది.

ఆ పైన అంతా చక్కబడిందని చెప్పలేను. పాపకు పరీక్ష చేయించారు. ఇప్పటికి ఏమీ కనిపించలేదు, ఏడాదికోసారి చూపిస్తుండమన్నారు. దివ్యశ్రీ భయపడ్డట్టే దినేశ్ రోజూ దీపం తగ్గించి పాపను ఆటల పేరుతో పరీక్షిస్తున్నాడు. గిలాస ఏడుంది, చెప్పు ఏడుంది అని. ఆమె చూసి చూసి ఒకరోజు గట్టిగా పోట్లాడింది. ఇంటి మెట్ల అంచులకు పసుపుపచ్చ టేపు వేశాడు. బాత్రూంలో కళ్ళు బైర్లు కమ్మే లైటు పెట్టాడు. ఒంటరిగా కూరగాయలకు వెళ్ళనివ్వడు. "నేనింకా గుడ్డిదాన్ని కాలే అక్కా! అయినంక గూడ నేనే పోత!" అని ఫోన్లో నా మీద అరుస్తుంది. అతని మీద అరవాల్సింది నా మీద అరిచి, తర్వాత తనే నవ్వుతుంది.

పంజాగుట్ట ఆఫీసు మూతపడింది. ఇప్పుడక్కడ ఎవరో దంతవైద్యం క్లినిక్ పెడుతున్నారు. నేను ఇంట్లో సోఫా మీద కూర్చుని పనిచేస్తున్నాను. ఆమె మధురానగర్‌లో ఆ గోడబల్ల ముందు. తప్పుల శాతం మళ్ళీ ఆఫీసులో ఉన్నప్పటి స్థాయికి వచ్చింది. క్వాలిటీవాళ్ళకు తన కళ్ళ గురించి తనే ఉత్తరం రాసింది. వాళ్ళు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చన్నారు.

ఆ గొంతంటే ఆమెకు మహా చిరాకు. మనిషి కాని గొంతు, అక్షరం అక్షరం ఒత్తి పలుకుతుంది. డాక్టరు మాట ఒక చెవిలో, ఇది ఇంకో చెవిలో. మొదట్లో పది నిమిషాలకే ఇయర్‌ఫోన్లు తీసి విసిరేసేది. తర్వాత దాని వేగం పెంచుకుంటూ పోయింది. ఇప్పుడది మాట్లాడుతుంటే నాకు ఈల వేసినట్టుంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు. ఆమెకు అవుతుంది. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక తెర మీద తువ్వాలు కప్పి, వేళ్ళతో, చెవులతోనే పని చేసి చూసుకుంటోంది. మొదటివారం ఎన్నిసార్లు ఏడ్చిందో దినేశ్ నాకు చెప్పాడు. ఆమె చెప్పలేదు.

నిన్న ఫోన్ చేసింది. ఒక రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా తువ్వాలు తీయకుండా దిద్ది పంపిందట. క్వాలిటీలో ఒక్క తప్పూ రాలేదట.

"మరి స్వీటు ఎక్కడ? సంతోషంగా లేదా ఏంటి?" అన్నాను.

"ఏం సంతోషమక్కా. రక్తపరీక్షల రిపోర్టుల పట్టికలొస్తయి గదా. అడ్డం గళ్ళు, నిలువు గళ్ళు. గవి వినుకుంట ఎట్ల దిద్దాల్నో నాకింకా తెల్వలే. పొద్దుగాల సంది గదే కొట్లాట. నీకేమన్న ఐడియా ఉంటే చెప్పు."

కనుక్కుని చెప్తానన్నాను. వెనక కీలు టకటకమంటూనే ఉన్నాయి. "సరే, ఫైల్ వచ్చింది, మళ్ళ చేస్త" అని పెట్టేసింది.